ఒంటరి సైకిల్ యాత్రికుణ్ణి కాపాడిందెవరు?

మా మేనల్లుడు ఒక్కడే సైకిల్ మీద వియత్నాం తిరిగి వస్తానంటున్నాడు. హనోయ్ దాకా విమానం, అక్కడి నుంచి హోచిమిన్ నగరం దాకా సైకిల్. సుమారు 1,700 కిలోమీటర్లు. తోడు ఎవరూ లేరు. వాడికి భయం లేదు కానీ వాళ్ళమ్మకి, అంటే మా చెల్లెలికి, రెండు నెలలుగా నిద్ర లేదు.

మొన్న విశ్వకర్మ పూజ రోజున మా చెల్లెలు ఆ కొత్త సైకిల్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, హ్యాండిల్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. (ఆ రోజు మా లిలువాలో రైల్వే వర్క్‌షాపు నుంచి పంక్చర్లు వేసే బడ్డీ దాకా అన్నిచోట్లా విశ్వకర్మ బొమ్మ పెడతారు.) నేను నవ్వాను. దానికి కోపం వచ్చింది.

"నవ్వకన్నయ్యా. నువ్వు నేపాల్ కొండల్లో చావకుండా ఇంటికొచ్చింది ఎవరి దయ అనుకున్నావు? అమ్మ అప్పన్నకి మొక్కబట్టి వచ్చావు. ఆ రామనాథ్ బిశ్వాస్ ఒక్కడే సైకిల్ మీద ప్రపంచమంతా తిరిగాడని నువ్వే చెప్తావు కదా, దేవుడు తోడు లేకపోతే ఒక్కడూ అలా తిరిగి రాగలడా?"

అప్పుడు నేను జవాబు చెప్పలేదు. పండగ పూట గొడవెందుకని ఊరుకున్నాను. కానీ ప్రశ్న మంచిదే. ఒంటరిగా సైకిల్ మీద పరాయి దేశాలు తిరిగి ప్రాణాలతో వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళని కాపాడిందెవరు? దేవుడా, అదృష్టమా, వాళ్ళ ధైర్యమా? చరిత్రలో దీనికి కొంత సాక్ష్యం ఉంది. అది చూద్దాం.

లిలువా అంటే హౌరా స్టేషన్ వదిలాక మెయిన్ లైన్లో వచ్చే మొదటి స్టేషన్. 1900లో ఈస్ట్ ఇండియన్ రైల్వే వాళ్ళు క్యారేజీ వ్యాగన్ వర్క్‌షాపుని హౌరా నుంచి ఇక్కడికి మార్చారు. శ్రీకాకుళం జిల్లా నుంచి జూట్ మిల్లులకీ రైల్వేకీ వచ్చి ఇటు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. మా ఊరి మీదుగానే గ్రాండ్ ట్రంక్ రోడ్డు పోతుంది. ఇప్పుడు దాని మీద టోటోలు, లారీలు, బస్సులు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి. సైకిల్ తొక్కడానికి చోటు ఉండదు. కానీ ప్రపంచ సైకిల్ యాత్రల చరిత్ర మొదటి పేజీల్లోనే ఈ రోడ్డు పేరుంది.

సైకిల్ మీద మొట్టమొదట ప్రపంచాన్ని చుట్టి వచ్చిన మనిషి థామస్ స్టీవెన్స్. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు. 1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరాడు. అతని సైకిల్ మనం ఎరిగిన సైకిల్ కాదు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున, వెనక చక్రం చిన్నగా ఉండే రకం. గాలి టైర్లు అప్పటికి రాలేదు. సామాను చూస్తే కొన్ని మేజోళ్ళు, ఒక చొక్కా, రాత్రి గుడారంగా కూడా పనికొచ్చే ఒక వానకోటు, ఒక రివాల్వరు. అమెరికా, యూరప్, టర్కీ, పర్షియా దాటాడు. అఫ్గానిస్తాన్‌లో పట్టుకుని వెనక్కి పంపేస్తే ఓడ మీద కరాచీ వచ్చి, రైల్లో లాహోర్ చేరి, అక్కడి నుంచి 1886లో ఈ గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదుగా కలకత్తా వచ్చాడు. తర్వాత చైనా, జపాన్. 1886 డిసెంబర్ 17న యోకొహామాలో యాత్ర ముగించాడు. మొత్తం సుమారు 13,500 మైళ్ళు.

అతను చైనాలో చావు తప్పించుకున్నాడు. ఒక పట్టణంలో జనం గుంపుగా మీద పడ్డారు. అతను స్థానిక అధికారి కచేరీలోకి పారిపోయాడు. ఆ అధికారి తలుపులు మూయించి, రాత్రికి దాచి, కాపలా ఇచ్చి పడవ మీద ముందుకి పంపించాడు. రివాల్వరు అక్కడ పనికి రాలేదు. పనికొచ్చింది ఒక ఉద్యోగి బాధ్యత.

ఇక రెండో మనిషి సంగతి. ఫ్రాంక్ లెంజ్, అమెరికాలోని పిట్స్‌బర్గ్ వాడు, వృత్తి లెక్కలు రాయడం. 1892లో గాలి టైర్ల సైకిల్ మీద, కెమెరా మోసుకుని ఒంటరిగా బయల్దేరాడు. ఒక అమెరికా పత్రికకి వ్యాసాలు పంపుతూ పోయాడు. జపాన్, చైనా, బర్మా, ఇండియా, పర్షియా దాటాడు. స్టీవెన్స్ కంటే మంచి సైకిల్, మంచి అనుభవం, వయసు కూడా పాతికా ఇరవయ్యారే. 1894 మే నెలలో టర్కీలో ఎర్జురుం చేరవలసినవాడు చేరలేదు. మరుసటి సంవత్సరం, తాను కూడా ఆసియాని సైకిల్ మీద దాటిన విలియం సాక్టల్‌బెన్ అనే మరో అమెరికన్ వెతకడానికి వెళ్ళాడు. దారిలో ఒక ఊరి దగ్గర లెంజ్‌ని చంపేశారని తేల్చాడు. శవం దొరకలేదు. లెంజ్ మాయమైన 1894లోనే ఆ వైపు ఆర్మేనియన్ల ఊచకోతలు మొదలయ్యాయి. మనిషి ప్రాణానికి విలువ లేని కాలం, లేని చోటు. లెంజ్ సరిగ్గా అందులోకి తొక్కుకుంటూ పోయాడు.

లెంజ్‌కీ తల్లి ఉంది. ఆవిడ కూడా ప్రార్థన చేసే ఉంటుంది కదా.

ఇక్కడ రెండు వేల ఏళ్ళ నాటి ఒక కథ చెప్పాలి. రోమన్ రచయిత సిసిరో దీన్ని రాసిపెట్టాడు. గ్రీసులో డయాగొరస్ అనే నాస్తికుడుండేవాడు. ఒకసారి సమోత్రేస్ దీవిలో గుడికి వెళ్తే, అక్కడ ఒక మిత్రుడు గోడల మీది బొమ్మలు చూపించాడు. తుఫానులో దేవుడికి మొక్కుకుని ఒడ్డున పడ్డవాళ్ళు మొక్కుబడిగా సమర్పించిన బొమ్మలవి. 'చూశావా, ఇంతమందిని దేవుళ్ళు కాపాడారు, ఇంకా నమ్మవా?' అని మిత్రుడడిగాడట. 'మరి మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ళ బొమ్మలు ఎక్కడ పెట్టారు?' అని డయాగొరస్ అడిగాడట.

మొత్తం సంగతి ఇందులో ఉంది. తిరిగొచ్చినవాడు పుస్తకం రాస్తాడు, సభలో మాట్లాడతాడు, గుడికెళ్ళి తలనీలాలిస్తాడు. తిరిగిరానివాడు ఏమీ చెప్పడు. మనం వినేవన్నీ మొదటి రకం కథలే కాబట్టి ప్రతి యాత్రికుణ్ణీ ఏదో శక్తి కాపాడుతున్నట్టే కనిపిస్తుంది. ఏ మొక్కుకైనా, ఏ తాయత్తుకైనా, ఏ ముహూర్తానికైనా ఈ లెక్కే. స్టీవెన్స్ పక్కన లెంజ్‌ని కూడా నిలబెట్టి లెక్క చూడాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తిరిగొచ్చినవాళ్ళు చెప్పిందంతా నిజం కానక్కర్లేదు. 1894లో అమెరికా బోస్టన్ నుంచి అన్నీ లండన్‌డెరీ అనే పేరుతో ఒక స్త్రీ, అసలు పేరు అన్నీ కొప్చోవ్‌స్కీ, ప్రపంచ యాత్రకి బయల్దేరింది. ఆ కాలంలో ముగ్గురు పిల్లల తల్లి అలా బయల్దేరడమే పెద్ద సాహసం. దాన్ని తక్కువ చెయ్యను. కానీ తిరిగొచ్చాక ఉపన్యాసాల్లో ఇండియాలో పులుల్ని వేటాడానని కూడా చెప్పింది. 1895 జనవరిలో ఫ్రాన్సులో ఓడెక్కి మార్చికల్లా జపాన్‌లో ఉన్న మనిషి, మధ్యలో ఇండియా అంతా తిరిగి పులుల్ని వేటాడడానికి తీరిక ఎక్కడిది? ఓడల తేదీలు చూస్తే చాలు, కథ తేలిపోతుంది. మహిమల్ని పరీక్షించే పద్ధతే యాత్రల్ని పరీక్షించడానికీ సరిపోతుంది.

ఇప్పుడు మా చెల్లెలు అడిగిన రామనాథ్ బిశ్వాస్ దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ళకి ఈయన పేరు పెద్దగా తెలియదు. బెంగాలీల్లో మాత్రం పాత తరానికి బాగా తెలుసు. 1894లో సిల్హెట్ జిల్లా బనియాచంగ్‌లో (ఇప్పుడది బంగ్లాదేశ్) పుట్టాడు. చదువు ఎనిమిదో తరగతి దాకానే. మోటారు వర్క్‌షాపులో పని చేశాడు. విప్లవకారులతో సంబంధం ఉందని ఆ ఉద్యోగం పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బెంగాలీ పటాలంలో చేరి మెసొపొటేమియా వెళ్ళాడు. తర్వాత బతుకు తెరువుకి మలయా వైపు పోయాడు. 1931 జూలై 7న సింగపూర్ క్వీన్ స్ట్రీట్‌లో అక్కడి భారతీయులు సాగనంపగా సైకిలెక్కాడు. అప్పటికి ఆయనకి 37 ఏళ్ళు. సామాను రెండు దుప్పట్లు, చెప్పులు, ఒక రిపేరు సామాన్ల పెట్టె. ఆ పెట్టె మీద 'రౌండ్ ద వరల్డ్, హిందూ ట్రావెలర్' అని రాసుకున్నాడు. ఇందులో 'హిందూ' అన్నమాట చూసి మతం అనుకోకండి. అప్పట్లో అమెరికా, కెనడాల్లో ఇండియా నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ, సిక్కునైనా ముస్లిమునైనా, హిందూ అనే పిలిచేవారు.

మొదటి యాత్ర మలయా, సయాం, ఇండోచైనా (అంటే మా మేనల్లుడు వెళ్తానంటున్న వియత్నాం కూడా అందులోదే), చైనా, కొరియా, జపాన్, అక్కడి నుంచి కెనడా. 1934లో మొదలైన రెండోది అఫ్గానిస్తాన్, పర్షియా, ఇరాక్, టర్కీ మీదుగా యూరప్ దాటి ఇంగ్లండు దాకా. 1938లో మొదలైన మూడోది తూర్పు ఆఫ్రికా నుంచి దక్షిణాఫ్రికా దాకా, ఆ తర్వాత అమెరికా. 1940లో ఇల్లు చేరాడు. ముప్పైకి పైగా పుస్తకాలు రాశాడు. వేసేవాళ్ళు దొరక్క తనే ప్రచురణ సంస్థ పెట్టుకున్నాడు. 1955లో కలకత్తాలో చనిపోయాడు.

ఆయన యాత్రల లెక్క చెప్పేటప్పుడు మొత్తం ఇంత అని ఒక్క అంకె వేసి ఊరుకోరు. సైకిల్ మీద 53,000 మైళ్ళు, నడిచి 7,000, రైల్లో 2,000, ఓడలో 25,000 అని విడివిడిగా చెబుతారు. రైలెక్కితే రైలెక్కానని, ఓడెక్కితే ఓడెక్కానని ఒప్పుకునే లెక్క ఇది. ఇలాంటి లెక్క ఉంటేనే మనం పరీక్షించగలం.

పరీక్షిద్దాం. 53,000 మైళ్ళు అంటే గుండె గుభేలుమంటుంది. దాన్ని 1931 నుంచి 1940 దాకా తొమ్మిదేళ్ళకి పరిచి చూడండి. రోజుకి 16 మైళ్ళు. మధ్యలో ఇంటి దగ్గరున్న కాలం, జబ్బుపడ్డ కాలం తీసేసినా రోజుకి 20, 25 మైళ్ళు దాటదు. నేను వర్క్‌షాపులో ఉన్న రోజుల్లో శ్రీరాంపూర్ వైపు నుంచి డ్యూటీకి సైకిల్ మీద వచ్చిపోయేవాళ్ళు రోజూ దాదాపు అంతే తొక్కేవారు. వాళ్ళకెవరూ దండలు వెయ్యలేదు. కాబట్టి కాళ్ళ బలంలో మహిమ ఏమీ లేదు.

మరి గొప్పతనం ఎక్కడుంది? రాత్రుల లెక్క వేయండి. ఇంటి దగ్గరున్న కాలం పోనిచ్చినా రెండు వేలకి పైగా రాత్రులు ఆయన పరాయి నేల మీద పడుకున్నాడు. ధనవంతుడు కాదు, హోటళ్ళకి డబ్బులుండేవి కావు. రెండు దుప్పట్లతో బయల్దేరిన మనిషి మంచూరియా చలిలో, అఫ్గాన్ కొండల్లో పొద్దున్న బతికి లేచాడంటే, ఆ రాత్రుల్లో చాలావాటికి ఎవరో ఒకరు తలుపు తీశారన్నమాట. ఇంత రొట్టో, ఇంత గంజో పోశారన్నమాట. ఆయన వెళ్ళిన దారి పటం మీద గీసి చూడండి. సింగపూర్‌లోనూ షాంఘైలోనూ సిక్కు పోలీసులు, రేవు పట్టణాల్లో సింధీ దుకాణాలు, తూర్పు ఆఫ్రికా ఊళ్ళలో గుజరాతీ కొట్లు, మలయా తోటల్లో తమిళ, తెలుగు కూలీలు. ఇంకా భాష తెలియని చైనా రైతులు, పఠాన్ సత్రాలవాళ్ళు. ఒంటరి యాత్ర అనేది సైకిల్ సీటు మీద మాత్రమే ఒంటరి. సీటు దిగితే అది వేల మంది కలిసి చేసిన యాత్ర.

కలకత్తా నుంచే బయల్దేరిన ఇంకొకాయన బిమల్ ముఖర్జీ కథా ఇదే చెబుతుంది. 1926 డిసెంబర్ 12న టౌన్ హాలు దగ్గర నలుగురు యువకులు సైకిళ్ళెక్కారు. యూరప్ చేరాక జట్టు విడిపోయింది. బిమల్ ఒక్కడే తిరిగి తిరిగి 1937లో ఇల్లు చేరాడు. చేతిలో డబ్బు అయిపోతే చేపల పడవలో పని చేశాడు, డెన్మార్క్‌లో పాడి పని చేశాడు. అతనికి అన్నం పెట్టింది ఆ దేశాల్లోని పని, పక్కన నిలబడి పని నేర్పిన మనుషులు.

అయితే ఇక్కడ నా మీద నేనే ఒక ప్రశ్న వేసుకోవాలి. దేవుణ్ణి తీసేసి ఆ పీటమీద 'మంచి మనుషుల్ని' కూర్చోబెడుతున్నానా? లెంజ్‌ని చంపింది కూడా మనుషులే. రామనాథ్ సైకిలెక్కడానికి ఏడాది ముందు, 1930 మే నెలలో, రంగూన్‌లో మన తెలుగు రేవు కూలీలని (అక్కడ కోరంగీలు అనేవారు) వీధుల్లో వెంటాడి చంపారు. వందకి పైగా ప్రాణాలు పోయాయి. చంపినవాళ్ళు రాక్షసులేం కారు. తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కడితే, ఓడల యజమానులు బర్మా కూలీలని పనిలోకి తెచ్చారు. సమ్మె ముగియగానే వాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. ఆ కడుపుమంట తెలుగువాళ్ళ మీద పడింది. అదే దేశంలో పల్లెల్లో బౌద్ధ విహారాల్లో బాటసారికి చాప వేసి నీళ్ళిస్తారు.

కాబట్టి మనుషులు పుట్టుకతో మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని కాదు. తలుపు తీస్తారా, రాయి విసురుతారా అన్నది అక్కడి పరిస్థితులు చాలావరకు తేలుస్తాయి. యుద్ధం ఉందా, కరువు ఉందా, చట్టం ఎవరి పక్షాన ఉంది? స్టీవెన్స్ తెల్లవాడు, అతని వెనక రాయబార కార్యాలయాలున్నాయి. రామనాథ్ బానిస దేశపు మనిషి. ఇండియా నుంచి నేరుగా, ఎక్కడా ఆగకుండా వచ్చిన ఓడలోనే రావాలనే నిబంధన పెట్టి కెనడా 1908 నుంచి మనవాళ్ళని ఆపేసింది. అలాంటి ఓడలే లేవు మరి. 1914లో కొమగాట మారు ఓడని వెనక్కి తిప్పింది ఆ నిబంధనతోనే. దక్షిణాఫ్రికాలో ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే రాష్ట్రంలో భారతీయులు కాపురముండకూడదని 1891లో చేసిన చట్టం 1986 దాకా ఉంది. పేదవాడు తెరిచిన తలుపుని ప్రభుత్వం మూసేది. ఒంటరి యాత్రికుడికి పులుల కంటే, దయ్యాల కంటే ఇలాంటి చట్టాలే పెద్ద అడ్డం.

ఇక నా సంగతి. మా చెల్లెలు ఎత్తిపొడిచింది కాబట్టి చెప్పక తప్పదు.

1979లో నాకు 22 ఏళ్ళు. ఆసన్‌సోల్ దగ్గర కన్యాపూర్‌లో తయారైన సెన్ రాలీ సైకిల్ ఒకటి ఉండేది. లిలువా నుంచి ఖాట్మండుకి ఒక్కణ్ణే బయల్దేరాను. నేపాల్ వెళ్ళడానికి మనకి పాస్‌పోర్టు అక్కర్లేదు. జి.టి. రోడ్డు పట్టుకుని బర్హీ దాకా, అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరిగి పాట్నా. గంగ మీద గాంధీ వంతెన 1982లో గానీ రాలేదు, కాబట్టి స్టీమర్లో దాటాను. రక్సౌల్, బీర్‌గంజ్, హెటౌడా. అక్కడి నుంచి 1956లో ఇండియా కట్టించిన త్రిభువన్ రాజపథం. దాదాపు 2,500 మీటర్ల ఎత్తున్న కనుమ దాటాలి. సైకిల్ తొక్కింది తక్కువ, తోసింది ఎక్కువ.

ఎక్కడో కలుషితమైన నీళ్ళు తాగాను. కనుమకి కిందనే విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకి నిలబడలేకపోయాను. రోడ్డు పక్క ఒక ఇంటి అరుగు మీద పడిపోయాను. ఆ ఇంట్లో ఒక నడివయసు స్త్రీ, ఇద్దరు పిల్లలు. ఆవిడ భాష నాకు రాదు, నా హిందీ ఆవిడకి సగమే అర్థమయ్యేది. కాచిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి గంటగంటకీ తాగించింది. తర్వాత పల్చని గంజి. నా మురికి బట్టలు ఉతికింది. ఆరు రోజులు అక్కడున్నాను. ఏడో రోజు లేచి నడిచాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఖాట్మండు నుంచి రాసిన ఉత్తరంలో ఈ జబ్బు సంగతి చూసి మా అమ్మ సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. అప్పటికి నాకు తగ్గి రెండు వారాలైంది. అయినా మొక్కు మొక్కే. నేను తిరిగొచ్చాక అప్పు చేసి మరీ సింహాచలం వెళ్ళాం, తలనీలాలిచ్చాం, బంధువులందరికీ భోజనం పెట్టాం. అప్పట్లో నేనూ నమ్మేవాణ్ణి. గుండు మీద చందనం రాసుకుని ఎంతో భక్తిగా దండం పెట్టాను.

ఇప్పటికీ నన్ను బాధించే విషయం ఒకటుంది. ఆ మొక్కు తీర్చుకోవడానికి నాలుగొందలు ఖర్చు పెట్టాం కానీ, ఆ తల్లికి పావలా పెట్టి ఒక ఉత్తరం ముక్క రాయలేదు. రాయాలనుకున్నా రాయలేను. ఎందుకంటే ఆరు రోజులు ఆవిడ చేతి గంజి తాగి, ఆవిడ పేరు అడగలేదు. అడగాలని తోచలేదు. నన్ను కాపాడుతున్నది దేవుడు అనుకున్నాను కదా, ఇక మనిషి పేరుతో పనేముంది?

ఆవిడ ఇచ్చిన ఉప్పు పంచదార నీళ్ళ వెనక కూడా ఒక చరిత్ర ఉందని తర్వాత చదివాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో లక్షల మంది శరణార్థులు మా బెంగాల్ సరిహద్దు దాటి వచ్చారు. బనగావ్ శిబిరాల్లో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. నూటికి ముప్పై మంది చచ్చిపోయే చోట, ఆయన చూసిన రోగుల్లో చావులు నూటికి నాలుగు లోపుకి దిగాయి. ఆ తర్వాత ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆయన 2022లో కలకత్తాలో చనిపోయాడు. నన్ను బతికించిన వస్తువు ఏమిటో, అది ఎందుకు పని చేస్తుందో చెప్పగలిగినది ఆ విజ్ఞానం. దాన్ని చేత్తో తాగించింది ఒక ఆడమనిషి దయ. ఈ రెంటి మధ్య అప్పన్నకి చోటెక్కడుందో నాకు కనపడలేదు. నేను హేతువాదినైంది పుస్తకాలు చదివి అని అందరూ అనుకుంటారు. పుస్తకాలు తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది ఈ సిగ్గు.

1998లో బస్సులో మళ్ళీ అదే దారిన వెళ్ళాను. ఇల్లు గుర్తు పట్టలేకపోయాను. అలాంటి అరుగులు ఆ కొండదారిలో చాలా ఉన్నాయి.

దేవుడే కాపాడాడు అనే మాట వినయంగా వినిపిస్తుంది. నిజానికి అది ఒకరికి రావలసినది తీసి ఇంకొకరి ఖాతాలో రాయడం. స్టీవెన్స్‌ని దాచిన చైనా ఉద్యోగి, రామనాథ్‌కి తలుపు తీసిన వేల మంది, నాకు గంజి పోసిన ఆవిడ, వీళ్ళందరికీ రావలసిన కృతజ్ఞత హుండీలో పడిపోతోంది. నమ్మకం వల్ల జరిగే నష్టం అంటే బాబాల మోసాలు, బలులు మాత్రమే అనుకుంటాం. ఈ నష్టం ఎవరి కంటికీ కనపడదు, రోజూ జరుగుతుంది.

ఇదంతా నిన్న రాత్రి మా చెల్లెలికి చెప్పాను. అది ఒప్పుకోలేదు, ఒప్పుకుంటుందని నేను అనుకోనూ లేదు. "ఆ గంజి పోయించింది కూడా అప్పన్నేలే" అంది. "మరి లెంజ్‌కి ఎందుకు పోయించలేదు?" అంటే మాట్లాడలేదు. కాసేపాగి, "పోనీ, నువ్వు వాడికేం కడతావో నువ్వూ కట్టు" అంది.

నేను కట్టినవి ఇవీ. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇరవై. హెల్మెట్, వెనక ఎర్ర దీపం. ధనుర్వాతం సూది వేయించుకున్న చీటీ. అక్కడి మన రాయబార కార్యాలయం ఫోను నంబరు. రాత్రిపూట తొక్కనని మాట. తుఫానుల కాలం కాబట్టి రోజూ వాతావరణ సమాచారం చూస్తానని మాట. ఇంకా ఒక చిన్న నోటు పుస్తకం. నీళ్ళిచ్చినవాళ్ళవి, దారి చెప్పినవాళ్ళవి, చోటిచ్చినవాళ్ళవి పేర్లు ఆ రాత్రికా రాత్రి అందులో రాసుకోమన్నాను. పలకడం రాకపోతే వాళ్ళ చేతే రాయించుకోమన్నాను. తిరిగొచ్చాక ఒక్కొక్కళ్ళకీ రెండు ముక్కలు రాయాలి. మొక్కుబడి అంటూ ఉంటే అదీ.

వాడు నిమ్మకాయ తియ్యలేదు, నేనూ తియ్యమనలేదు. విమానం ఎక్కించేటప్పుడు సైకిల్ విప్పి పెట్టెలో సర్దాలి, అప్పుడు ఎలాగూ పోతుంది. నోటు పుస్తకం మాత్రం తీసుకుని మొదటి పేజీలో అప్పుడే ఒక పేరు రాశాడు. టిక్కెట్టుకి తక్కువైన డబ్బులు తన చీటీ పాట ఎత్తి ఇచ్చినావిడ పేరు. వాళ్ళమ్మది.